మాయ్ అంటే నీళ్లు

మొన్న మా అమ్మాయి నన్ను హైదరాబాద్‌లో ఒక కాఫీ షాపుకు తీసుకెళ్లింది. కాఫీ తాగడానికి కాదట, ఆటలాడుకోవడానికి. గోడల నిండా ఆటల అట్టపెట్టెలు, ఒక్కో బల్ల చుట్టూ నలుగురైదుగురు పిల్లలు. నాకు కొత్త చోటంటేనే గుండె దడ. తలుపు ఎటుందో చూసుకుని దానికి దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర వాదన నడుస్తోంది. పొట్టి జుట్టు అమ్మాయి ఒకతె, ఆటలో తాను నీటి మంత్రగత్తెనని, శత్రువు ఊపిరితిత్తుల్లో నీళ్లు పుట్టించి నిలబడ్డచోటే ముంచేస్తానని అంటోంది. కథ నడిపించే కుర్రాడు కుదరదంటున్నాడు. "నీళ్లు ఖాళీ చోటే పుడతాయి" అంటాడు. "ఊపిరితిత్తులు ఖాళీయే కదా" అంటుంది ఆమె. ఆ పిల్ల విసురుగా వేసిన పాచిక కింద పడి, దొర్లుకుంటూ వచ్చి నా చెప్పు దగ్గర ఆగింది. ఇరవై ముఖాల పాచిక. తీసిచ్చాను గానీ, ఇచ్చే ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి చూడటం మా అమ్మాయి చూడనే చూసింది. "ఏమైంది బాపు?" అంది. ఏం చెప్పను? ఈ వాదన నాకు కొత్త కాదు. బహ్రెయిన్‌లో, మామీర్ అనే ఊరి పక్కన మా క్యాంపులో, పప్పుచారు వాసన మధ్య విన్నాను. ఆ ఆట వల్ల మా మల్లన్న ఏదో ఒకరోజు నీళ్లలో పడి చచ్చిపోతాడని ఆ కాలమంతా వణుకుతూ బతికాను.

నా పేరు గంగారాం. పేరులో గంగ ఉంది గానీ నీళ్లంటే నాకు భయం. నీళ్లనేముంది, అన్నీ భయమే. మాది జగిత్యాల దిక్కు. బోరు వేస్తే దుమ్ము లేచే పల్లె. గల్ఫ్‌లో ఏ దేశం పోయినా మా ఊళ్లో "దుబాయి పోయిండు" అనే అంటారు. అట్లా నేనూ దుబాయి పోయాను, బహ్రెయిన్‌లో దిగాను. విమానం కిందికి వంగినప్పుడు ఎటు చూసినా నీళ్లే. ఇంత నీళ్ల మధ్య ఈ కాస్త భూమి ఎట్లా నిలబడిందిరా దేవుడా అనుకుని కళ్లు మూసుకున్నాను. క్యాంపుకు చేరాక ఇంకో భయం పట్టుకుంది. సిత్రా ఫ్యాక్టరీల దిక్కు నుంచి గాలి మళ్లిందంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన గదిలోకి వచ్చి కూర్చునేది. పాతవాళ్లు ఆ వాసనలోనే ఉల్లిగడ్డలు కోసుకుంటూ, గడ్డాలు గీసుకుంటూ, ఊరి ముచ్చట్లు చెప్పుకునేవారు. నేను మాత్రం తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకుని, ఇదే ఆఖరి రోజేమోనని గోడకు ఒరిగి కూర్చునేవాణ్ణి. ఆ ఫ్యాక్టరీల సైరన్ మోగితే చాలు, నాకంటే ముందు నా పాస్‌పోర్టు జిరాక్సు సంచిలోకి దూకేది.

అక్కడ నన్ను కడుపులో పెట్టుకుని చూసినవాడు మల్లన్న. మా పక్క ఊరివాడే, నాకంటే చాలా పెద్దవాడు, గదిలో పై మంచం నాది, కింది మంచం ఆయనది. పొద్దున లేవగానే దుప్పటి నాలుగు మూలలు సమంగా మడిచి, దాని మీద చెయ్యి వేసి ఒకసారి ఇంటివాళ్లందరి పేర్లు తలుచుకునేవాడు. తిన్న పళ్లెం ఎవరినీ కడగనిచ్చేవాడు కాదు. అయితే ఆయనకు కూడా ఒక భయం ఉండేది, అది నాకు భలే ధైర్యంగా ఉండేది. పడుచుతనంలో మోటరు దించబోయి బావిలో పడ్డాడట. ఈత రాదు. తాడు పట్టుకుని, జనం వచ్చేదాకా మెడలోతు నీళ్లలో వేలాడాడు. అప్పటినుంచి స్నానం చేసేటప్పుడు కూడా నెత్తి మీద నీళ్లు పోసుకునేవాడు కాదు. తువ్వాలు తడిపి తల తుడుచుకునేవాడు. సముద్రం ఒడ్డున పని పడితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. "నువ్వు నేను ఒక్కటే తమ్మీ. మనకు నీళ్లు పడయి" అనేవాడు. పెద్దమనిషి కూడా భయపడతాడని తెలిస్తే చిన్నవాడికి అదొక అండ.

ఆట తెచ్చినవాడు సూర్యం. కాకినాడ వైపు మనిషి, మా క్యాంపు వంటమనిషి. అంతకుముందు మహూజ్ అనే పేటలో ఒక ఫ్లాటులో ఇంటిపని చేసేవాడు. ఆ ఇంటి పిల్లలు భోజనాల బల్ల మీద రోజూ ఏదో కథ అల్లుకుంటూ, పాచికలు వేసుకుంటూ ఆడేవారట. ఇతను టీ కప్పులు పెడుతూ, తీస్తూ, ఆట మొత్తం పట్టేశాడు. వాళ్లు దేశం వదిలి వెళ్తూ పాచికల డబ్బా ఇతనికే ఇచ్చేశారు. శుక్రవారం మధ్యాహ్నం తిండి అయ్యాక, మంచాల మధ్య గోనెపట్టా పరిచి, మా ముగ్గురినీ కూర్చోబెట్టేవాడు. ముగ్గురంటే మల్లన్న, నేను, బీహారు రూమ్మేటు ఒకడు. సూర్యం కథ చెబుతాడు, మేము అందులో మనుషులం. ఏం చేస్తామో చెప్పాలి, పాచిక వెయ్యాలి, పాచిక ఒప్పుకుంటే జరిగినట్టు. "ఎదురుగా గుహ ఉందండీ. లోపల్నించి ఊపిరి తీసే చప్పుడు వస్తోందండీ. ఏం చేస్తారు?" అనేవాడు గొంతు తగ్గించి. నాకు నిజంగానే చెమటలు పట్టేవి. "నేను బయటే ఉంటాను" అనేవాణ్ణి. ఎప్పుడూ అదే జవాబు. "ఆయ్, మీరు బయట ఉండండి, ఎలుగుబంటి బయటే ఉందండి" అనేవాడు దుర్మార్గుడు.

మల్లన్న మంత్రగాడు అవుతానన్నాడు. నిప్పు, గాలి, మన్ను, నీళ్లు, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోమంటే, నీళ్లన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. "జరంత పెత్తనం జెయ్యనీ తమ్మీ దాని మీద. నన్ను శాన సతాయించింది" అన్నాడు. మొదట్లో ఇద్దరూ పిల్లుల్లా కొట్లాడుకునేవారు. సూర్యం సముద్రం పక్కన పుట్టినవాడు, అతనికి నీళ్లంటే అంతులేని సంగతి. చెయ్యి ఊపితే వరద అంటాడు. మల్లన్న ఒప్పుకోడు. ఆయన ఆడేది మంత్రగాడి వేషమే గానీ బుద్ధి రైతుది. "ఊకె యాడికెల్లి వస్తయి నీళ్లు? బాయన్న ఉండాలె, వాగన్న ఉండాలె. లేనికాడ ఎట్ల వస్తయి, జెప్పు" అని తన మంత్రానికి తానే అడ్డం పడేవాడు. ఒకసారి ఎండిన కోటలో మమ్మల్ని బంధించి, ఇక్కడ చుక్క లేదు, ఏం చేస్తారో చూస్తానని సూర్యం చేతులు కట్టుకున్నాడు. మల్లన్న గోడకున్న ఏసీ పెట్టెను చూపించాడు. దాని గొట్టం నుంచి బకెట్లోకి చుక్క చుక్కా పడుతోంది. "గవి యాడికెల్లి వస్తున్నయ్? గాలికెల్లే గద. నేను గాలిల నీళ్లు గుంజుత" అన్నాడు. సూర్యం నోరు తెరిచాడు. ఆ వారం ఆటలో మల్లన్న తాళం రంధ్రంలోకి ఆ నీళ్లు పంపి, గడ్డకట్టించి, తాళం పగలగొట్టి మమ్మల్ని బయటికి తెచ్చాడు.

అక్కణ్ణుంచి ఆయనకు పట్టపగ్గాల్లేవు. మంచు లేపి మమ్మల్ని దాచేవాడు. గుమ్మం ముందు నీళ్లు చల్లి, తొక్కినవాడి అడుగు ఎటు పోయిందో చెప్పేవాడు. బురదను బిగించి శత్రువుల కాళ్లు పట్టించేవాడు. ఒకరోజు నెమ్మదిగా, "మనిషి ఒంట్ల నీళ్లుంటయ్ గద సూర్యమన్నా, అవి గుంజితే?" అన్నాడు.  నేను గోనెపట్టా అంచుకు జరిగాను. "ఊరుకోండి మల్లన్న గారూ! ఒంట్లో ఉన్నది వాడి సొంతం. దాన్ని మీరు ముట్టుకోకూడదు, అంతే" అని సూర్యం చెంపలేసుకున్నంత పని చేశాడు. ఆ భయంలోనే హద్దులు పుట్టుకొచ్చాయి. మంత్రం వేసినప్పుడల్లా ముందున్న గ్లాసులోంచి ఒక గుక్క తాగాలి, గ్లాసు ఖాళీ అయితే ఆ పూటకు మాయ ఖలాస్. ఇంకొకటి సూర్యం పట్టుబట్టి పెట్టింది. తియ్యనీళ్లే మాట వింటాయి, ఉప్పునీళ్లు వినవు. ఈ దేశం చుట్టూ ఉన్నది ఉప్పునీళ్లే. కుళాయిలో వచ్చేవి కూడా కాస్త ఉప్పగానే ఉండేవి, తాగడానికి డబ్బాల్లో తియ్యనీళ్లు తెచ్చుకునేవాళ్లం. "సముద్రం కూడా మీ చేతిలోనే ఉంటే ఇంక మాకేం మిగుల్తుందండీ?" అన్నాడు. మల్లన్న అలిగాడు గానీ ఒప్పుకున్నాడు.

ఆట వల్ల ఆయనకు పేరు మారింది. నేను సరదాకి మాయన్న అన్నాను. బీహారు వాడు మాయా భాయ్ అన్నాడు. వారం తిరిగేసరికి సైటంతా "మాయా, ఓ మాయా" అని పిలుపు. అది విని పడీ పడీ నవ్వినవాడు అబూ యూసుఫ్. గలాలీ అనే ఊరివాడు, బహ్రెయిన్ మనిషే, ఒకప్పుడు పడవ మీద చేపలు పట్టి, ఇప్పుడు మా సైట్లో పంపు నడిపేవాడు. నేను ఆయన దగ్గర హెల్పర్‌ను. అరబ్బీలో మాయ్ అంటే నీళ్లట. ఇదేం పేరు, ఎవరైనా మనిషికి నీళ్లని పేరు పెడతారా అని నవ్వాడు. ఆ తర్వాత ఆయన కూడా మల్లన్నను "మాయ్" అనే పిలవసాగాడు. మల్లన్నకు ఆ అర్థం తెలుసు, తెలిసి మురిసిపోయేవాడు. "జూసినవా తమ్మీ, ఈ దేశంల నా పేరే నీళ్లు" అనేవాడు. అబూ యూసుఫ్ తొందర ఎరగని మనిషి. ఫోర్‌మన్ వచ్చి గొంతు చించుకున్నా, పంపు మొరాయించినా, ఖర్జూరం గింజ నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటూ "శ్వై శ్వై, హబీబీ" అనేవాడు. నెమ్మది, నెమ్మది నాయనా అని. ఎండ మండినా, ఇసుక గాలి లేచినా ఆ ముఖం ఒక్కలాగే ఉండేది. నాలాంటి పిరికివాడికి ఆయన పక్కన నిలబడితేనే సగం జ్వరం తగ్గేది.

నా అసలు భయం మొదలైంది మల్లన్న నెత్తి మీద నీళ్లు పోసుకున్న రోజు. స్నానాల గది తలుపు తీసుకుని తడితలతో బయటికి వచ్చి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం తువ్వాలు తెచ్చి ఆయన తల గబగబా తుడిచేశాను. ఆ తర్వాత సముద్రం ఒడ్డుకు నడవడం మొదలుపెట్టాడు. మోకాళ్ల దాకా దిగేవాడు. అరచెయ్యి చాపి, అలను చూసి "ఆగు" అనేవాడు. అల వెనక్కి పోతే నా దిక్కు చూసి కన్ను కొట్టేవాడు. అల ఎట్లాగూ వెనక్కే పోతుంది కదా! ఆటకే చేస్తున్నాడో, లోపల ఎక్కడో నమ్ముతున్నాడో నాకు తెలిసేది కాదు. అడిగితే నవ్వేవాడు. ఈత రాని మనిషికి నీళ్ల భయం పోతే ఇంకేం మిగులుతుంది? ఆయన్ను ఇన్నాళ్లు ఒడ్డున నిలబెట్టింది ఆ భయమే కదా. సూర్యాన్ని పక్కకు పిలిచి, ఆట ఆపెయ్యమని బతిమాలాను. "మీరు మరీనండీ గంగారాం గారూ. మనిషి ఇన్నాళ్లకి నవ్వుతుంటే ఏడుస్తారేంటి?" అన్నాడు.

సముద్రానికి దగ్గరగా పైపులైను కోసం పెద్ద కందకం తవ్వుతున్నారు అప్పుడు. కందకానికి, సముద్రానికి మధ్య ఇసుక బస్తాల కట్ట. అడుగున ఎప్పుడూ నీళ్లు ఊరుతుంటే పంపుతో తోడుతూనే ఉండాలి. పంపు గొట్టం చివర ఉన్న జాలికి బురద పట్టేది, ఎవరో ఒకరు నిచ్చెన దిగి, దూరంగా ఆ చివరిదాకా వెళ్లి దాన్ని చేత్తో తీయాలి. ఎవరికీ ఇష్టం లేని పని. ఎవరు దిగుతారని ఫోర్‌మన్ అడిగితే మల్లన్న చెయ్యి లేపాడు. నేను గదికొచ్చాక గొడవ పెట్టుకున్నాను. "అన్నా, నీకు దండం పెడ్త. అది సముద్రమే. కట్ట అవుతల ఉంది గంతే" అన్నాను. "మా ఊర్ల బాయి మోటరుకు నేనే జాలి కడుగుదును తమ్మీ. నాకు తెల్వనిదా?" అన్నాడు. "ఆ బాయిలనే గద పడ్డవు." అప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది. కాసేపటికి, "నువ్వు నన్ను మల్ల భయపెట్టకు, గంగా. భయపడి భయపడి ఇసిగిపోయిన" అన్నాడు.  మర్నాటి నుంచి ఆయన కందకంలో ఉన్నంతసేపు నేను పైన పంపు పక్క నిలబడి, కట్టను, ఆయన్ను మార్చి మార్చి చూస్తూ, దేవుళ్ల పేర్లన్నీ ఒక్కటొక్కటే వల్లిస్తూ ఉండేవాణ్ణి.

ఆరోజు సముద్రం పోటు మీద ఉంది. పొద్దెక్కాక పంపు చప్పుడు మారింది, గొట్టం గాలి పీలుస్తున్న గురక. మల్లన్న బకెట్ తీసుకుని దిగాడు. అబూ యూసుఫ్ కట్ట చూసి వస్తానని అటు నడిచాడు. నేను గొట్టం పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి తలెత్తి చూస్తే అబూ యూసుఫ్ పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. ఆ మనిషి పరుగెత్తడం నేను ఎన్నడూ చూడలేదు. ఒక కాలికే చెప్పు ఉంది. వెనక కట్ట అడుగు నుంచి నీళ్లు చిమ్ముతున్నాయి, బస్తాలు ఒకదాని మీద ఒకటి మెత్తగా జారుతున్నాయి. అబూ యూసుఫ్ కందకం అంచున నిలబడి "మాయ్! మాయ్!" అని అరిచాడు. నీళ్లు, నీళ్లు అని. అడుగున మల్లన్న తలెత్తాడు. నవ్వాడు. తనను పిలుస్తున్నాడనుకున్నాడు! అబూ యూసుఫ్ నోట ఆ మాట ఎప్పుడూ మల్లన్న పేరే కదా. అరచెయ్యి చాపి, ఆగు, వస్తున్నా అన్నట్టు ఊపి, మళ్లీ జాలి మీదికి వంగాడు. నేను గొట్టం వదిలేసి అబూ యూసుఫ్ పక్కకు ఉరికాను.  ఎక్కడినుంచి వచ్చిందో ఆ గొంతు, "మల్లన్నా! ఉప్పు నీళ్లు! ఉప్పు నీళ్లే!" అని అరిచాను. ఉప్పునీళ్లు మాట వినవు, అది మా ఆటలో హద్దు. అబూ యూసుఫ్ ఇంకోసారి "మాయ్!" అన్నాడు. మల్లన్న రెండోసారి తలెత్తాడు. బకెట్ వదిలేసి ఉరికాడు. ఆయన నిచ్చెన సగం ఎక్కాడో లేదో కట్ట తెగింది. ఆ చప్పుడు చెప్పడం నాకు చేతకాదు. మట్టిరంగు నీళ్లు కందకం పొడవునా పడి వచ్చి ఆయన నడుము దాకా లేచాయి, కాళ్లు గుంజేశాయి. అబూ యూసుఫ్ ఆయన చొక్కా కాలరు పట్టుకున్నాడు, నేను మణికట్టు పట్టుకున్నాను. ఇద్దరం బోర్లా పడుకుని లాగాం. పైకి వచ్చాక ముగ్గురం ఇసుకలో పడి ఏడ్చాం. ఎవరు ఏ భాషలో ఏడ్చామో తెలియదు.

సూర్యం పాచికల డబ్బాను గోధుమపిండి డ్రమ్ము వెనక పడేశాడు, మళ్లీ తీయలేదు. మల్లన్నకు తాగమని గ్లాసుతో నీళ్లిస్తే పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు గానీ, చాలాసేపు నోట్లో పోసుకోలేకపోయాడు. మళ్లీ తువ్వాలుతోనే తల తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేనేమో ఆ రోజు నుంచి కాస్త మనిషినయ్యాను. పిరికిగంగ అన్నవాళ్లే, నువ్వు ఆ మాట అరిచినందుకే కదా ఆయన బతికాడు అన్నారు. నిజమే కదా అనుకున్నాను. పెళ్లయ్యాక మా ఆవిడకు చెప్పాను, పిల్లలకు చెప్పాను, పెళ్లిళ్లలో పక్క విస్తరివాళ్లకు కూడా చెప్పాను. పిడుగు పడితే మంచం కిందికి దూరే మనిషికి ఒక్క ధైర్యం కథ ఉంటే దాన్ని ఎంత అపురూపంగా చూసుకుంటాడో భయం లేనివాళ్లకు తెలియదు.

కాఫీ షాపులో ఆ పిల్లలు ఊపిరితిత్తులను, నెత్తురును, సముద్రాలను గలగలా మాట్లాడేస్తున్నారు. వాళ్ల పక్కన చల్లని నీళ్ల సీసాలు, ఎవరూ ఒక్క గుక్క కూడా లెక్కచూసి తాగడం లేదు. మేము ఒక్కో మంత్రానికి ఎంత వెనకా ముందూ ఆడేవాళ్లం! వాళ్లది తప్పని కాదు. ఆట ఆటగానే ఉండటం ఎంత అదృష్టమో అనిపించింది, కాస్త కుళ్లు కూడా పుట్టింది. ఇంటికి వచ్చీ రాగానే మా అమ్మాయికి కథంతా మళ్లీ చెప్పి, ఆ ఊపులో మల్లన్నకు ఫోన్ చేశాను. ఇప్పుడు బాగా ముసలివాడయ్యాడు, ఊళ్లోనే ఉంటున్నాడు. "ఎవలు? గంగనా? మంచిగున్నవా తమ్మీ?" అన్నాడు. అవీ ఇవీ అయ్యాక, ఆ రోజు సంగతి ఎత్తాను. అమ్మాయి వినాలని స్పీకరు కూడా పెట్టాను.

"నేను ఉప్పు నీళ్లని ఒర్రంగనే ఎట్ల ఉరికినవే అన్నా!"

"నువ్వు ఒర్రినవా?" అన్నాడు, నేను అరిచిన సంగతి ఇప్పుడే వింటున్నట్టు.

"ఒర్రిన గద. నువ్వు ఇని ఉరికినవ్ గద."

"ఏమో తమ్మీ, పంపు సప్పుడుల నాకేమినవడ్తది? అబూ యూసుఫ్‌ది ఇనవడ్డది, ఆయనది సముద్రం మీద ఒర్రే గొంతు. మాయ్ మాయ్ అంటే నన్నే అనుకున్న. రెండోసారి అన్నప్పుడు మొఖం జూసిన. ఎన్నడు పరేశాన్ కాని మనిషి, మొఖంల నెత్తురు సుక్క లేదు. గా మొఖం జూసి గుండె జల్లుమన్నది. అంత పెద్దమనిషి భయపడ్డడంటే ఇగ నాకు సావే అనుకున్న. ఉరికిన."

 అడగకూడదనుకుంటూనే అడిగాను. "నేను ఆయన పక్కనే ఉన్న గద అన్నా. నా మొఖం జూడలేదా?"

"జూసిన గద" అన్నాడు మల్లన్న. "నీ మొఖం రోజు గట్లనే ఉంటుండె గద తమ్మీ."

ఆయన నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మా అమ్మాయి నా దిక్కే చూస్తోంది.

"నేను కాదట బిడ్డా" అన్నాను.